వేగంలో బలం కోల్పోయే ఔట్‌బోర్డ్‌కు ఇంధన వాక్యూమ్ గేజ్ కిట్: వాడిన తరువాత నా అభిప్రాయం

పడవ వెనుక బయట తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజిన్ నిదానంగా నడిచినంతసేపు ఏ ఇబ్బందీ పెట్టకుండా, త్రాటిల్ పూర్తిగా తెరిచిన కాసేపటికే ఒక్కసారిగా బలం కోల్పోతే, లోపం పెట్రోల్ అందడంలో ఉందా, స్పార్క్‌లో ఉందా అన్నది వినికిడి మీద తేల్చడం చేయి తిరిగిన మెకానిక్‌కు కూడా కష్టమే. సాధారణంగా జరిగేది ఏమిటంటే, మొదట ప్లగ్‌లు మారుస్తారు, తరువాత ఫిల్టర్, ఆపైన కాయిల్, చివరకు ఇంధన పంపు. ఇన్ని కొత్త భాగాలు చేరిన తరువాత కూడా పడవ నీటి మీదకు వెళ్ళగానే అదే చోట ఆగిపోతుంది. ఈ ఊహాగానాల బదులు ఒక అంకె చూసి నిర్ణయం తీసుకోవాలన్న ఉద్దేశంతోనే ఇంధన పైపులోని పీల్పును కొలిచే ఈ వాక్యూమ్ గేజ్ కిట్‌ను నేను కొన్నాను. దేనికోసం కొన్నానో ఆ పని అది నిక్కచ్చిగా చేసింది. గేజ్ మీది కొలమానం, దానితో వచ్చే సూచనల కాగితం మాత్రం ఆ స్థాయిలో లేవు.

పెట్టెలో వాక్యూమ్‌తో పాటు స్వల్ప ఒత్తిడిని కూడా చూపే గుండ్రటి గేజ్, పైపు మధ్యలో గేజ్‌కు దారి ఇచ్చే మూడు మూతుల ఇత్తడి టీ జాయింట్, 5/16, 3/8 అంగుళాల పైపులకు సరిపోయే రెండు జతల నిపుల్స్ (పైపు తొడిగే గాట్ల గొట్టాలు), గేజ్‌కు వెళ్ళే సన్నటి పైపు, లోపలి పెట్రోల్ కనిపించే పారదర్శకమైన పైపు ముక్క, స్క్రూ క్లాంప్‌లు ఉన్నాయి. ఇత్తడి పని బాగుంది. నిపుల్స్ గాట్లు పదునుగా ఉండి పైపును గట్టిగా పట్టుకున్నాయి. పీల్చే వైపు ఒక్క అతుకు వదులైనా గాలి లోపలికి చొరబడి కొలతే తప్పిపోతుంది కనుక, ఇలాంటి కిట్‌లో నేను అన్నిటికన్నా ముందు చూసేది ఈ పట్టునే.

గేజ్ తగిలించే ముందు ఖర్చు లేని పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఇంజిన్ ఒక్క క్షణంలో పూర్తిగా ఆగిపోతే ముందు ఇంజిన్‌ను అత్యవసరంగా ఆపే కిల్ స్విచ్ తాడును, బ్యాటరీ టెర్మినల్‌లను చూడాలి. ఆర్‌పీఎం పెరుగుతున్నా పడవ ముందుకు కదలకపోతే ప్రొపెల్లర్ మధ్యనుండే రబ్బరు హబ్ జారుతోందని అనుమానించాలి. అలారం మోగి, ఆర్‌పీఎం ఒక పరిమితి దాటకుండా ఆగితే, వేడి వల్లనో ఆయిల్ ఒత్తిడి తగ్గడం వల్లనో ఇంజిన్ తనను తానే కాపాడుకుంటోందని అర్థం. అప్పుడు చూడవలసింది ఆయిల్ మట్టాన్ని, ఇంజిన్‌ను చల్లబరిచే నీరు బయటికి చిమ్మే టెల్‌టేల్ రంధ్రం నుంచి నీటి ధార సరిగా వస్తోందా అన్నదాన్ని. ఇవేవీ కాక, వేగంలో మాత్రమే బలం తగ్గి, త్రాటిల్ తగ్గించగానే ఇంజిన్ మళ్ళీ కోలుకుంటుంటే పెట్రోల్ అందడం లేదన్న అనుమానం బలపడుతుంది. అలాంటప్పుడు ట్యాంక్ మూత వదులు చేసి చూడాలి. దానితో ఇంజిన్ సర్దుకుంటే ట్యాంక్‌కు గాలి పోసే వెంట్ మూసుకుపోయినట్టే. ఇంజిన్ బలం కోల్పోతున్నప్పుడు మరొకరు ప్రైమర్ బల్బ్‌ను (ఇంధన పైపు మధ్యలో చేత్తో నొక్కి పెట్రోల్ పంపే రబ్బరు బుడ్డిని) నొక్కుతూ ఉంటే అది తిరిగి పుంజుకుంటుందా అన్నది కూడా గమనించాలి. ఈ పరీక్షలు అనుమానం ఎటు వెళ్ళాలో చెబుతాయి. ట్యాంక్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉన్న దారిలో అడ్డంకి ఎక్కడుందో చెప్పేది మాత్రం గేజే.

ఇంజిన్ మీది పంపు ట్యాంక్ నుంచి పెట్రోల్‌ను పీల్చుకుంటుంది. దారిలో ఎంత అడ్డంకి ఉంటే పీల్పు అంత పెరుగుతుంది. ఆ పీల్పునే గేజ్ పాదరసపు అంగుళాల్లో చూపుతుంది. పెట్రోల్‌ను దాదాపు అడుగున్నర ఎత్తు లేపడానికే ఒక అంగుళం వాక్యూమ్ ఖర్చవుతుంది కనుక, ట్యాంక్ ఇంజిన్ కంటే కిందున్న పడవలో సున్నా ఆశించకూడదు. పూర్తి త్రాటిల్‌లో ఇంజిన్ దగ్గర 4 అంగుళాలు మించకూడదన్నది ఔట్‌బోర్డ్‌ల విషయంలో విస్తృతంగా పాటించే హద్దు. మీ ఇంజిన్ సర్వీస్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించాలి.

నా పడవలో ఇంజిన్ పూర్తి వేగం అందుకున్న కొద్దిసేపటికే ఆర్‌పీఎం సగానికి పడిపోయేది, ఐడిల్‌లో మాత్రం గడియారంలా నడిచేది. ట్యాంక్ మూత వదులు చేసినా తేడా లేదు. బల్బ్ గోడ మందంగా ఉండటంతో పీల్పుకు అది లోపలికి నొక్కుకుపోతోందో లేదో తేలలేదు. టీ జాయింట్‌ను బల్బ్‌కూ ఇంజిన్‌కూ మధ్య అమర్చి, తోడుగా వచ్చిన మిత్రుడు స్టీరింగ్ పట్టగా నేను గేజ్ చూశాను. ఐడిల్‌లో ముల్లు ఒక అంగుళం దగ్గరే ఉంది. వేగం పెరుగుతున్నకొద్దీ మెల్లగా పైకి పాకి, ఏడు దాటిన తరువాత ఇంజిన్ దిగజారడం మొదలైంది. సొంత పైపు ఉన్న చిన్న పోర్టబుల్ ట్యాంక్‌ను నేరుగా ఇంజిన్‌కు కలిపి అదే వేగంలో నడిపితే ముల్లు రెండు దాటలేదు, ఇంజిన్ బలం తగ్గలేదు. దానితో ఇంజిన్ మీద అనుమానం పూర్తిగా తొలగిపోయింది.

ఈ కిట్ విలువ నాకు పూర్తిగా తెలిసింది ఆ తరువాతి దశలో. అడ్డంకి తరువాతి భాగంలో వాక్యూమ్ ఎక్కువగా, దానికి ముందు భాగంలో తక్కువగా ఉంటుంది కనుక, టీ జాయింట్‌ను ఒక్కో మెట్టు ట్యాంక్ వైపు జరుపుతూ పోతే, అంకె ఒక్కసారిగా పడిపోయే చోటే లోపం ఉన్న చోటు. నీటిని వేరుచేసే ఫిల్టర్‌కు ముందు పెట్టినా ముల్లు దాదాపు అంతే లేచింది. అంటే అందరూ మొదట మార్చే ఫిల్టర్ ఇక్కడ నిర్దోషి. ట్యాంక్ మీది యాంటీ సైఫన్ వాల్వ్‌ను (పైపు తెగినా పెట్రోల్ తనంతట తాను కారిపోకుండా ఆపేది) ఆనుకుని పెట్టినప్పుడు ముల్లు కిందికి దిగిపోయింది. వాల్వ్‌దీ తప్పు కాదు. మిగిలింది వాల్వ్‌కూ ఫిల్టర్‌కూ మధ్యనున్న పైపు ఒక్కటే. బయటికి దాని మీద చిన్న పగులు కూడా లేదు. తీసి నిలువునా కోసి చూస్తే లోపలి పలుచని పొర ఒకచోట గోడ నుంచి ఊడి, నాలుకలా వేలాడుతోంది. నిదానంగా పారే పెట్రోల్‌కు అది దారి ఇస్తుంది. ప్రవాహం పెరగగానే లేచి దారి మూసేస్తుంది. పైపు మార్చగానే పూర్తి వేగంలో రీడింగ్ పోర్టబుల్ ట్యాంక్‌తో వచ్చిన అంకెకు దగ్గరగా వచ్చింది.

ఇదే లోపాన్ని ఎలక్ట్రానిక్ స్కానర్ పట్టలేకపోయేదని నా అభిప్రాయం. స్కానర్ చదివేది సెన్సర్లు ఇంజిన్ కంప్యూటర్‌కు చెప్పిన సంగతులే. ట్యాంక్ నుంచి వచ్చే పైపులో పీల్పు ఎంతో కొలిచే సెన్సర్ సాధారణంగా ఔట్‌బోర్డ్‌లో ఉండదు. పైగా కార్లకు ఉన్నట్టు అందరికీ ఒకే తరహా ప్లగ్ పడవ ఇంజిన్‌లలో లేదు; తయారీదారును బట్టి కనెక్టర్, సాఫ్ట్‌వేర్ మారుతుంటాయి. స్కానర్ ధరతో పోలిస్తే ఈ కిట్ ధర చాలా తక్కువ. అలాగని ఇది స్కానర్‌కు బదులు కాదు. రీడింగ్ మామూలుగా ఉండి కూడా ఇంజిన్‌కు పెట్రోల్ చాలకపోతే, పీల్చే పంపు బలహీనపడి ఉండవచ్చు, లేదా లోపం పంపు దాటిన తరువాత, పెట్రోల్ నుంచి ఆవిరిని వేరుచేసే వేపర్ సెపరేటర్‌లోనో హై ప్రెషర్ పంపులోనో ఉండవచ్చు. వాటి గురించి ఈ గేజ్ ఏమీ చెప్పలేదు.

మామూలు రీడింగ్‌కు ఇంకో కారణం గాలి చొరబాటు. వదులైన క్లాంప్ దగ్గరో, బీటలు వారిన ఓ రింగ్ దగ్గరో గాలి లోపలికి వస్తుంటే పీల్పు పెరగదు, కాబట్టి ముల్లు కదలక మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. పారదర్శకమైన పైపు ముక్క పనికి వచ్చేది ఇక్కడే: ఎడతెగని బుడగల వరుస కనిపిస్తే అడ్డంకిని వదిలి గాలి దారిని వెతకాలి. ఈ ముక్కను గేజ్‌తో కలిపి ఇవ్వడం తయారీదారు చేసిన తెలివైన పని. అయితే అది పరీక్ష వరకే. పెట్రోల్ తగిలేకొద్దీ గట్టిపడి పగిలే రకం పైపు అది; నిప్పును తట్టుకునే ఏ1-15 తరగతి పైపు స్థానంలో దాన్ని శాశ్వతంగా ఉంచకూడదు.

ఇక లోపాలు. గేజ్ ముఖం మీద 0 నుంచి 30 అంగుళాల వరకు అంకెలు ఉన్నాయి. అది కార్ల ఇంజిన్ పరీక్షకు తగిన కొలమానం. మనకు కావలసిన 0 నుంచి 8 వరకు ఉన్న భాగం ఒక మూలన ఇరుక్కుపోయింది. ఊగుతున్న పడవలో మూడున్నరకూ నాలుగున్నరకూ తేడా చదవడం నిజంగా కష్టం. పంపు కొట్టుకున్నప్పుడల్లా ముల్లు వణుకుతుంది. వణుకు తగ్గించే చిన్న నాజిల్ ఒకటి పెట్టి ఉంటే సరిపోయేది. సన్నటి పైపు స్టీరింగ్ దాకా అందదు కనుక, ఒంటరిగా నడిపేవారు ఈ పరీక్ష చేయలేరు, చేయకూడదు కూడా.

సూచనల కాగితం విషయంలో నా అసంతృప్తి ఇంకా తీవ్రమైనది. టీ జాయింట్ జరిపిన ప్రతిసారీ కొంత పెట్రోల్ కారుతుంది; దాని ఆవిరి గాలికంటే బరువైనది కాబట్టి పడవ అడుగున బిల్జ్‌లో పేరుకుంటుంది. గుడ్డతో తుడిచి, అడుగు భాగమంతా గాలి ఆడనిచ్చి, లోపల ఇంజిన్ ఉన్న పడవైతే ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్, అంటే బ్లోయర్, కనీసం 4 నిమిషాలు నడిపి, వాసన లేదని నిర్ధారించుకున్న తరువాతే స్టార్ట్ చేయాలి. కాగితంలో ఈ సంగతి ఒక్క వాక్యం కూడా లేదు. గేజ్ ఒత్తిడి వైపు కొలత 10 పీఎస్ఐ దగ్గర ముగుస్తుందన్నది ముఖం మీదే ఉన్నా, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిన్ హై ప్రెషర్ లైన్‌కు దీన్ని తగిలించకూడదన్న హెచ్చరిక కూడా ఎక్కడా లేదు. అక్కడి ఒత్తిడి దీని పరిమితికి ఎన్నో రెట్లు ఉంటుంది. గేజ్ పగలడమే కాదు, వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చిమ్ముతుంది. కొనేవారు గేజ్‌ను పెట్టె నుంచి తీయగానే ఈ రెండు హెచ్చరికలూ సూచనల కాగితం మీద తామే రాసుకుని, తరువాతే పరికరాన్ని పడవలోకి తీసుకువెళ్ళాలని కోరుతున్నాను.