మా ఐదో తరగతి చేతి డైనమో: రెండేళ్ల తర్వాత

హ్యాండిల్ తిప్పితే కరెంటు పుట్టించే ఈ చిన్న యంత్రాన్ని, బల్బు వెలిగితే పిల్లలు కేరింతలు కొడతారని తెలిసే కొన్నాను. హ్యాండిల్ బరువెక్కడం ఇంత పాఠం చెబుతుందని మాత్రం అనుకోలేదు.

వైర్లు దేనికీ కలపకపోతే హ్యాండిల్ గిర్రున తిరుగుతుంది. టార్చిలైటు బల్బు తగిలించగానే చేతికి బరువు తెలుస్తుంది. వైర్ల చివరి క్లిప్పులు రెండూ ఒకదానికొకటి ఆనిస్తే ఇంకా మొరాయిస్తుంది. మొదటిరోజు ఒక పాప తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయి, "టీచర్, లోపల ఎవరో పట్టుకున్నారు" అంది. శక్తి ఒక రూపం నుంచి మరో రూపంలోకి మారుతుందని ఏళ్లుగా బోర్డు మీద రాస్తూనే ఉన్నాను. ఆ రోజు ఆ వాక్యం పిల్లల మోచేతికి తెలిసింది. తర్వాత బల్బు తీసి కిట్‌లోని ఎల్‌ఈడీ పెట్టాం. వెలుగు తగ్గలేదు, చెయ్యి తేలికైంది. బల్బు వేడిగా ఉంది, ఎల్‌ఈడీ చల్లగానే ఉంది. మన కష్టం చాలావరకు వేడికే పోతోందని వాళ్లే చెప్పారు. మర్నాడు ఒకడు వాళ్ల తాత మాట మోసుకొచ్చాడు: పాత సైకిలుకి డైనమో ఆనిస్తే తొక్కడం బరువయ్యేదట.

రెండో ఏడు దెబ్బ తగిలింది. ఎవరు ఎక్కువ వెలిగిస్తారని పందెం వేసుకున్నారు. ఒకడు గబగబా తిప్పేసరికి 2.5 వోల్టుల బల్బు ఒక్కసారి తెల్లగా మెరిసి మాడిపోయింది. ఇంకొకడు జోరు మీదున్న హ్యాండిల్‌ని వెనక్కి తిప్పాడు, లోపల టక్కుమంది. ఆపైన ఎంత తిప్పినా బరువే లేదు. విప్పి చూస్తే ప్లాస్టిక్ చక్రానికి మూడు పళ్లు ఊడి ఉన్నాయి. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే చక్రం విడిగా దొరకదు, కొత్తది కొనుక్కోండి అన్నారు. ఇంత మంచి వస్తువు మూడు పళ్ల కోసం మూలన పడాలా? ఆ కోపం నాకింకా తగ్గలేదు.

విరిగినదాన్ని పారేయలేదు. తీగచుట్టనీ అయస్కాంతాన్నీ చూపిస్తూ, తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే కరెంటు పుడుతుందని 1831లో ఫారడే అనే శాస్త్రవేత్త కనుక్కున్న సంగతి దాంతోనే చెబుతున్నాను. లోపల డైనమోగా పనిచేసేది చిన్న మోటారే, రెండు బ్యాటరీలు తగిలిస్తే అది ఇప్పటికీ తిరుగుతుంది.

కొన్న కొత్తలో ఏ పిల్లాడి చేతికైనా ఇచ్చేయొచ్చని తోటి టీచర్లకు చెప్పాను. ఇప్పుడు మూడో తరగతికైతే నేను పక్కన లేకుండా ఇవ్వను. మా తరగతిలో 18 మందే కాబట్టి ఒక్కటున్నా అందరి చేతికీ వస్తుంది. నలభై మంది ఉంటే కష్టం. కొనేముందు చక్రం విడిగా ఇస్తారా అని అడగండి. నేను అడిగినచోట ఎవరూ ఇస్తామనలేదు, అయినా మళ్లీ అదే కొన్నాను.