పులికాట్‌లో గడ్డి చూడాలంటే పక్షుల టైము పనికిరాదు

నెల్లూరు నుంచి నీటి అడుగున పెరిగే సముద్రపు గడ్డి (సీగ్రాస్) చూద్దామనుకునేవాళ్లు ముందు మైపాడు వైపు చూస్తారు. దగ్గర, 25 కిలోమీటర్లే. కానీ అక్కడ గడ్డి ఉండదు. అలలు నేరుగా వచ్చి కొట్టే ఇసుకలో వేరు నిలవదు. దానికి కదలిక తక్కువున్న నీళ్లు, ఎండ అడుగుదాకా దిగే లోతు కావాలి. అంటే పులికాట్ సరస్సే. సూళ్లూరుపేట, తడ 2022లో తిరుపతి జిల్లాకు పోయినా నెల్లూరోళ్లకు అది ఇంకా మన పులికాటే.

జనవరి నుంచి మార్చి దాకా బాగుంటుంది. ఈశాన్య రుతుపవనాల్లో వాగుల బురదనీళ్లు చేరి ఏమీ కనపడదు, ఎండాకాలంలో ఉత్తరపు గట్టు ఎండి ఉప్పు తేలుతుంది. ఫ్లెమింగోలకు తెల్లవారుజామే మంచిది గానీ గడ్డికి కాదు. వాలు ఎండకు నీటిపై మెరుపు తప్ప అడుగు కనపడదు. తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర లోపల చూడాలి, ఆ తర్వాత గాలి లేస్తుంది.

తడ దగ్గర భీమునివారిపాళెం రేవులో మోటారు పడవలు పక్షులకు సరే. గడ్డి మీద మోటారు తిరిగితే అడుగు బురద లేస్తుంది, మోటారు పంకా రెక్కలు గడ్డి వేళ్లను కోసేస్తాయి. గడకర్రతో తోసే నాటుపడవ మాట్లాడుకోవాలి. ఎక్కకముందే గంటకు ఎంతో, తిరుగు ప్రయాణంతో కలిపి తేల్చుకోకపోతే ఒడ్డుకొచ్చాక తగువే.

నీళ్లలో దిగితే పాదాలు ఎత్తి వెయ్యకుండా ఈడుస్తూ నడవాలి. టేకు చేప (స్టింగ్‌రే) అలికిడికి తప్పుకుంటుంది, తొక్కితే ముల్లు గుచ్చుతుంది. ఆల్చిప్పలు కోస్తాయి కాబట్టి పాత కాన్వాసు బూట్లే మేలు, చెప్పులు బురదలో ఊడిపోతాయి. గడ్డి మీద మాత్రం నడవొద్దు.

పడవవాళ్లు అన్నిటినీ నాచు అనే అంటారు. పీకక్కర్లేదు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన తీగ ఒకటి అరచేతిలో పెట్టుకుని చూడండి. సన్నటి తెల్లని కాండం, కణుపు కణుపుకీ వేరు, కణుపుకు రెండేసి కోలాకులు, ఆకు మధ్య ఈనె: అది హాలోఫిలా ఒవాలిస్. పొట్టి కాడ కొసన సన్నాకులు గుత్తిగా ఉంటే హాలోఫిలా బెక్కారి, ప్రపంచమంతటా ముప్పున్న జాతుల జాబితాలో ఉన్నది. నాచుకు ఈనెలూ వేళ్లూ ఉండవు. ఇవి నీళ్లలోనే పూలు పూసే మొక్కలు.

బసకు సూళ్లూరుపేట లాడ్జీలు మామూలువి, రాకెట్ ప్రయోగం రోజుల్లోనూ ఫ్లెమింగో పండగప్పుడూ ముందే నిండిపోతాయి. చెన్నై లోకల్ రైళ్లు అక్కడిదాకా వస్తాయి కనుక పడవ పని ముగించుకుని సాయంత్రమే తిరిగెళ్లిపోవచ్చు. శ్రీహరికోట రోడ్డు మీద సరస్సు రెండు పక్కలా కనపడుతుంది గానీ షార్ (ఇస్రో రాకెట్ కేంద్రం) గేటు దాటనివ్వరు.