ఈమ్: పొలిమేర దాకా నడవాల్సిన ఊరు

ఇంగ్లండ్‌లో షెఫీల్డ్, మాంచెస్టర్ వైపు ఉండే మనవాళ్ళు పీక్ డిస్ట్రిక్ట్ కొండప్రాంతం అనగానే చాట్స్‌వర్త్ భవనం, బేక్‌వెల్ బజారు చూసుకుని తిరిగొచ్చేస్తారు. ఆ దారికి కాస్త పక్కనే, డెర్బీషైర్ కొండల్లో ఈమ్ అనే చిన్న ఊరుంది. నన్నడిగితే ఆ రెండింటిలో ఒకటి మానుకునైనా ఒక రోజంతా దీనికి ఇవ్వాలి.

1665లో లండన్‌లో ప్లేగు చెలరేగుతున్నప్పుడు అక్కడి నుంచి ఈ ఊరి దర్జీకి బట్టల మూట ఒకటి వచ్చింది. చెమ్మగా ఉందని దాన్ని విప్పి మంట దగ్గర ఆరబెట్టింది దర్జీ దగ్గర పనిచేసే జార్జ్ వికర్స్. రోగం మోసుకొచ్చిన పురుగులు ఆ బట్టల్లోనే ఉన్నాయంటారు. సెప్టెంబరు 7న అతన్ని పూడ్చిపెట్టారు. తర్వాత ఇరుగుపొరుగు ఇళ్ళలో ఒక్కొక్కరే పోయారు.

మరుసటి ఏడాది జూన్‌లో ఊరు ఒక నిర్ణయానికొచ్చింది: బయటివాళ్ళు లోపలికి రాకూడదు, లోపలివాళ్ళు పొలిమేర దాటకూడదు. అలా ఒప్పించింది చర్చి పాస్టర్ విలియం మాంపెసన్. ఆయన కొత్త మనిషి, ఊరి నమ్మకం ఇంకా పూర్తిగా దక్కలేదు. అందుకే, చర్చి కొత్త నియమాలకు తల వంచనందుకు పదవి పోయిన పాత పాస్టర్ థామస్ స్టాన్లీని కలుపుకున్నారు. పడని ఇద్దరు ఒక్కమాట మీద నిలబడటం నాకు ఈ కథలో అన్నిటికన్నా పెద్ద విషయం. 1666 నవంబరులో జబ్బు ఆగేసరికి 260 మంది పోయారు. ఊరి జనం 350 అని పాత లెక్క, 700 దాకా ఉండొచ్చని ఇప్పటి పరిశోధకుల మాట. ఏది నిజమైనా ఊళ్ళో మూడో వంతుకు పైగా పోయినట్టే.

ముందు మ్యూజియం చూడండి. చిన్నదే, కానీ ఏ ఇంట్లో ఎవరు ఎప్పుడు పోయారో వరసగా చెబుతుంది. అది చూశాక వీధిలో కనిపించే ఇళ్ళ పేర్లు మనసులో నిలుస్తాయి. చలికాలంలో మూసేస్తారు కాబట్టి వేళలు చూసుకుని బయల్దేరాలి. ప్లేగు సోకినవాళ్ళు ఉన్న ఇళ్ళను ప్లేగు కాటేజీలంటారు, వాటి ముందు పేర్ల పలకలుంటాయి. అవి ఇప్పటికీ మనుషులు కాపురముంటున్న ఇళ్ళు. కిటికీల్లోంచి తొంగిచూసే టూరిస్టుల్ని చూస్తే బాధేసింది. చర్చి ఆవరణలో 8వ శతాబ్దపు రాతి శిలువ, 1775 నాటి నీడగడియారం ఉన్నాయి. మాంపెసన్ భార్య కేథరిన్ సమాధీ అక్కడే. పిల్లల్ని ముందే ఊరు దాటించినా భర్తను వదల్లేక ఆమె ఉండిపోయింది, 1666 ఆగస్టులో చనిపోయింది. ఈమ్ హాల్ అనే పాత భవంతి ఎదుట నేరస్తుల కాళ్ళు బిగించే బొండకొయ్య ఒకటుంది, పిల్లలు అక్కడే ఆగిపోతారు.

చాలామంది ఇంతటితో కారెక్కేస్తారు. అసలు చూడాల్సింది ఊరి బయట ఉంది. పక్క ఊరు స్టోనీ మిడిల్టన్ వైపు పొలాల మీదుగా నడిస్తే సరిహద్దు రాయి వస్తుంది. మోకాలెత్తు కూడా లేని బండ, పైన గుంటలు. డబ్బు ద్వారా రోగం అంటకూడదని ఆ గుంటల్లో వెనిగర్ పోసి నాణేలు వేసేవారు ఊరివాళ్ళు. పక్క ఊరివాళ్ళు అవి తీసుకుని తిండి, సరుకులు పెట్టి వెళ్ళేవారు. వేలు పెట్టి చూశాను, గుంట అంచులు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. రెండో దిక్కున, కొండవాలులో రైలీ సమాధులు. ఎలిజబెత్ హాంకాక్ అనే తల్లి ఎనిమిది రోజుల్లో భర్తను, ఆరుగురు పిల్లల్ని తన చేతులతోనే పూడ్చిపెట్టిన చోటది. గుండ్రటి రాతి గోడ మధ్య ఏడుగురి గుర్తులు, చుట్టూ గొర్రెలు మేసే పచ్చిక. అక్కడ మాకెవరికీ మాట రాలేదు.

రాకపోకలకు కారే మేలు. షెఫీల్డ్ నుంచి 20 కిలోమీటర్లే గానీ బస్సులు తక్కువ. దగ్గరి రైల్వే స్టేషన్ గ్రిండిల్‌ఫర్డ్, అక్కడి నుంచి కొండెక్కే నడక పెద్దవాళ్ళకు కష్టం. మ్యూజియం ఎదురుగా కార్ పార్క్ ఉంది. మేం దిగింది పక్క ఊళ్ళో ఒక పబ్ మీది గదిలో. పడక బాగుంది, శాకాహారం అని ముందే చెప్తే పొద్దున పుట్టగొడుగులు, బీన్స్, టోస్ట్ వేడివేడిగా పెట్టారు. కాకపోతే కింద సందడి రాత్రి పొద్దుపోయేదాకా తగ్గలేదు. పసిపిల్లలుంటే షెఫీల్డ్‌లో హోటలే నయం, ఖర్చూ తక్కువ. లేకపోతే దగ్గర్లోనే ఉండండి, టూరిస్టు బస్సులు వెళ్ళిపోయాక సాయంత్రం ఊరు మీదవుతుంది. మధ్యాహ్నం కెఫేలో చీజ్, కాల్చిన బంగాళాదుంప మించి మనకు పెద్దగా ఏమీ దొరకలేదు, డబ్బాలో పులిహోర ఉంటే నిశ్చింత.

ఏటా ఆగస్టు చివరి ఆదివారం ప్లేగు సండే. ఆరోజు జనం ఊరేగింపుగా కక్‌లెట్ డెల్ఫ్ అనే లోయకు వెళ్ళి ప్రార్థన చేస్తారు. చర్చిలో గుమిగూడితే అంటుకుంటుందని మాంపెసన్ ఆరుబయట ప్రార్థనలు జరిపించింది అక్కడే. వీలైతే ఆ రోజుకే పెట్టుకోండి. పార్కింగ్ కోసం మాత్రం పొద్దున్నే చేరుకోవాలి.