ఆఫీస్ 2016 తీసేసి 2024 వేయించాలా? నెల్లూరు, ఒంగోలు లెక్కల గదుల కోసం ఒక సమీక్ష

ఆఫీస్ 2016, ఆఫీస్ 2019 రెండింటికీ మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 10కీ అదే రోజు గడువు తీరింది. నెల్లూరు ట్రంకు రోడ్డులోనైనా, ఒంగోలు కర్నూలు రోడ్డులోనైనా ఇప్పుడు అందరూ అడుగుతున్నది ఒకటే: "పాతది బాగానే నడుస్తోంది గదా, మార్చాలా?"

నడవడానికేం, నడుస్తుంది. మద్దతు ఆగినంత మాత్రాన ఎక్సెల్ తెరుచుకోకుండా పోదు. కొత్తగా బయటపడే లోపాలకు మాత్రం ఇక మరమ్మతు రాదు. రోజుకు పదిమంది పార్టీల ఇన్వాయిసులు మెయిల్లో, వాట్సాప్‌లో తెరిచే సిస్టమ్‌కి ఇది చిన్న విషయం కాదు. నెట్ కనెక్షనే లేకుండా మిల్లు కాటా గదిలో తూకం చీటీలు కొట్టే సిస్టమ్ సంగతి వేరు. అందులో ఆఫీస్ 2010 ఉన్నా కదిలించొద్దు, దాంట్లో పెట్టే పెన్‌డ్రైవు మీద మాత్రం కన్నేసి ఉంచండి. ఆఫీసంతా ఒకే వర్షన్ ఉండాలని అన్ని సిస్టములకూ ఖర్చు పెట్టడం మా దృష్టిలో దండగ.

డబ్బు పెట్టి కొనేవాటిలో రెండు దారులున్నాయి. ఆఫీస్ 2024 ఒక్కసారి కొంటే ఒక సిస్టమ్‌కి శాశ్వతం. దానికి మరమ్మతులు 2029 అక్టోబరు 9 దాకా వస్తాయి. ఆ తర్వాత వచ్చే వర్షన్ కావాలంటే మళ్ళీ పూర్తి ధర పెట్టాల్సిందే, తేడా కట్టి మార్చుకునే పద్ధతి లేదు. రెండోది మైక్రోసాఫ్ట్ 365. ఏడాదికో, నెలకో చందా. చందా ఆగితే ఫైళ్లు పోవు, తెరిచి చూడొచ్చు, ప్రింటు తీయొచ్చు. దిద్దడానికి మాత్రం ఒప్పుకోదు. షాపులో ఆఫీస్ 2021 మిగిలిపోయిన కీ తక్కువకిస్తామంటే తీసుకోవద్దు. దాని గడువు 2026 అక్టోబరు 13 వరకే.

2024లో మళ్ళీ రెండు రకాలు. "హోమ్"లో వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్, వన్‌నోట్ వస్తాయి. "హోమ్ అండ్ బిజినెస్"లో వాటితోపాటు అవుట్‌లుక్, వ్యాపారంలో వాడుకునే హక్కు ఉంటాయి. మిల్లుకైనా, క్వారీ ఆఫీసుకైనా రెండోదే సరైనది. పబ్లిషర్ ఏ రకంలోనూ లేదు. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు పబ్లిషర్‌లో చేసుకుంటున్న జిరాక్స్ షాపులు ఇది ముందే చూసుకోవాలి. 365లో కూడా దాన్ని 2026 అక్టోబరు తర్వాత తీసేస్తున్నారు.

కొత్త ఎక్సెల్లో నిజంగా పనికొచ్చేది ఏమిటి? ఎక్స్‌లుకప్ (ఒక కాలమ్‌లో వెతికి పక్క కాలమ్‌లోని విలువ తెచ్చేది), ఫిల్టర్, యునీక్ ఫార్ములాలు. ఇవి 2021 నుంచి ఉన్నాయి, 2019లో లేవు. జీఎస్టీఆర్-2బీ షీటును, అంటే మనకు అమ్మినవాళ్లు చూపించిన బిల్లుల పట్టీని, మన కొనుగోళ్ల రిజిస్టరుతో సరిపోల్చేటప్పుడు ఎక్స్‌లుకప్ ఉంటే వెతికే కాలమ్ ఎడమవైపే ఉండాలన్న బెడద లేదు. కానీ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఈ పని ఇండెక్స్, మ్యాచ్ కలిపి రాస్తే పాత ఎక్సెల్లోనూ జరుగుతుంది. బిల్లులు కలవకపోవడానికి అసలు కారణం వర్షన్ కాదు. ఒక షీట్లో బిల్లు నంబరు అంకెగా, రెండో దాంట్లో టెక్స్టుగా ఉండటం, ముందున్న సున్నాలు రాలిపోవడం, చివర కంటికి కనపడని ఖాళీ ఉండటం. రాలిన సున్నాలు సరిచేసి, రెండు షీట్లలోనూ ట్రిమ్ (అదనపు ఖాళీలు తీసేసే ఫార్ములా) వేసి, జీఎస్టీ నంబరునీ బిల్లు నంబరునీ ఒక సెల్లో కలిపి, ఆ సెల్ మీద వెతికితే ఏ వర్షన్లోనైనా చాలావరకు కలుస్తాయి. ఒక్క ఎక్స్‌లుకప్ కోసమే అయితే డబ్బు పెట్టక్కర్లేదు.

పైగా అది ఎదురు తిరిగే సందర్భం ఒకటుంది. మీరు 2024లో ఎక్స్‌లుకప్ వేసిన షీటును ఆడిటరు గారి ఆఫీసులో 2016లో తెరిస్తే మొదట అంకెలు మామూలుగానే కనపడతాయి. ఆ సెల్‌ని ముట్టుకుని ఎంటర్ కొట్టగానే పేరు తెలియదన్న ఎర్రర్ వస్తుంది. షీటు బయటికి పంపే ముందు ఫైల్ మెనూలో ఇన్ఫో, చెక్ ఫర్ ఇష్యూస్, చెక్ కంపాటిబిలిటీ నొక్కి చూడండి. లేదా ఫార్ములాలున్న కాలమ్‌ని కాపీ చేసి విలువలుగా పేస్టు చేసి పంపండి.

ఫాంటు గొడవ కూడా ఇలాంటిదే. 2024లో కొత్త ఫైలు తెరిస్తే కాలిబ్రి బదులు ఆప్టోస్ ఫాంటు వస్తుంది. అది పాత ఆఫీసుల్లో ఉండదు. ఒక పేజీలో సరిపెట్టిన కొటేషను అవతలి సిస్టమ్‌లో రెండో పేజీకి జారి, సంతకం ఒక్కటే దాని మీద పడుతుంది. వర్డ్‌లో ఫాంట్ డైలాగు తెరిచి కాలిబ్రి ఎంచుకుని సెట్ యాజ్ డిఫాల్ట్ నొక్కితే సరి. ఎక్సెల్‌కి ఆప్షన్స్, జనరల్‌లో మార్చాలి.

మ్యాక్రోల దగ్గరే, అంటే షీటు లోపల రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాముల దగ్గరే, ఎక్కువమంది తికమకపడతారు. ఆదాయపు పన్ను రిటర్నుల ఎక్సెల్ యుటిలిటీ, జీఎస్టీ వార్షిక రిటర్ను ఆఫ్‌లైన్ టూలు లాంటివి మ్యాక్రోలతోనే నడుస్తాయి. కొత్త ఆఫీస్ నెట్ నుంచి దిగిన ఫైల్లోని మ్యాక్రోలను పూర్తిగా ఆపేసి పైన ఎర్ర పట్టీ చూపిస్తుంది. పాతవాటిలో ఉన్న "ఎనేబుల్ కంటెంట్" బటన్ అక్కడ కనపడదు. సాఫ్ట్‌వేర్ చెడిపోయిందనుకుని తీసి మళ్ళీ వేయించేవాళ్లున్నారు, అవసరం లేదు. ఫైల్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌కి వెళ్లి, కింద ఉన్న అన్‌బ్లాక్ పెట్టెలో టిక్ పెట్టి ఓకే నొక్కాలి. జిప్ ఫైలైతే విప్పకముందే జిప్‌ని అన్‌బ్లాక్ చేయాలి. విప్పాక చేస్తే లోపలి ప్రతి ఫైలుకూ విడివిడిగా చేసుకోవాల్సి వస్తుంది. ప్రభుత్వ పోర్టల్ నుంచి స్వయంగా దింపుకున్న ఫైలుకే ఇది చేయండి. ఎవరో ఫార్వర్డ్ చేసినదానికి చేయొద్దు.

పదేళ్ల క్రితం ఎవరో రాసిచ్చిన జీతాల షీటో, గ్రానైటు మేజర్‌మెంటు షీటో వాడుతుంటే ఇంకో రెండు చిక్కులున్నాయి. ఆఫీస్ 2024లో యాక్టివ్ఎక్స్ బటన్లు మొదటినుంచీ ఆపేసి ఉంటాయి, నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. ట్రస్ట్ సెంటరులో యాక్టివ్ఎక్స్ సెట్టింగ్స్‌కి వెళ్లి, అడిగి అనుమతించేలా పెట్టుకోవాలి. రెండోది 32 బిట్, 64 బిట్ తేడా. కొత్తది మామూలుగా 64 బిట్టే దిగుతుంది. పాత మ్యాక్రోలో విండోస్‌ని నేరుగా పిలిచే డిక్లేర్ లైన్లుంటే వాటికి పీటీఆర్‌సేఫ్ అన్న మాట చేర్చకపోతే ఎర్రర్ ఇస్తుంది. టాలీ నుంచి ఓడీబీసీ (ఒక ప్రోగ్రాములోని లెక్కల్ని ఇంకోదానికి అందించే డ్రైవరు) ద్వారా ఎక్సెల్లోకి లెక్కలు లాగేవాళ్లు డ్రైవరూ ఎక్సెలూ ఒకే బిట్టులో ఉన్నాయో లేదో చూసుకోవాలి. షీటు రాసినాయన దొరకకపోతే 32 బిట్ ఆఫీస్ వేయించుకోవడమే తేలిక. ఫైల్, అకౌంట్, అబౌట్ ఎక్సెల్ నొక్కితే ఇప్పుడున్నది ఏ బిట్టో పై వరుసలోనే కనపడుతుంది.

తెలుగు విషయంలో షాపువాళ్లు ఏమీ చెప్పరు, అసలు కష్టం మాత్రం అక్కడే ఉంది. ఈ రెండు జిల్లాల డాక్యుమెంటు రైటర్ల దగ్గర, డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి పోగైన దస్తావేజుల నమూనాలు ఎక్కువగా అను ఫాంట్లలో ఉంటాయి. అవి యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతి) కావు. లోపల ఇంగ్లీషు అక్షరాల కోడ్లే ఉంటాయి, ఫాంటు వాటిని తెలుగులా చూపిస్తుంది. కొత్త వర్డ్‌లో ఆ ఫాంటు లేకపోతే పేజీ నిండా అర్థంలేని ఇంగ్లీషు కనపడుతుంది. ఫాంటు ఉన్నా ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. వాక్యం మొదటి అక్షరాన్ని పెద్దక్షరం చేసే ఆటోకరెక్ట్ ఆ కోడ్‌ని మార్చేస్తుంది, తెలుగులో ఒక అక్షరం బదులు ఇంకో అక్షరం పడుతుంది. కొటేషన్ గుర్తుల్ని వంపు గుర్తులుగా మార్చే సదుపాయం కూడా ఇంతే. సర్వే నంబరు, హద్దులు ఉండే కాగితంలో ఒక్క అక్షరం మారినా ఎంత నష్టమో చెప్పక్కర్లేదు. కొత్త ఆఫీస్ వేసిన రోజే ఆప్షన్స్, ప్రూఫింగ్, ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ఈ రెండు టిక్కులూ తీసేయండి. పాత సిస్టమ్‌లో తీసే ఉన్నా కొత్తదాంట్లో మళ్ళీ పెట్టే ఉంటాయి.

గౌతమి ఫాంటులో, అంటే యూనికోడ్‌లో రాసుకున్న ఫైళ్లకు అంత ప్రమాదం లేదు, అక్షరాలు చెక్కుచెదరవు. అయితే విండోస్ 10 నుంచి గౌతమి, వాణి ఫాంట్లు సిస్టమ్‌తోపాటు రావడం లేదు, నిర్మలా యూఐ ఒక్కటే వస్తుంది. దాని వెడల్పు వేరు కాబట్టి వరుసలు జారతాయి. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ తెరిచి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ చేర్చుకుంటే పాత పేజీలు ఎప్పటిలా కూర్చుంటాయి. దీనికి పైసా ఖర్చు లేదు. కొత్తగా టైపు నేర్చుకునేవాళ్లకు 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. ఇంగ్లీషు ఉచ్చారణతో కొడితే తెలుగు వస్తుంది.

లిబ్రేఆఫీస్ ఉచితం, వ్యాపారానికి కూడా. రొయ్యల గుంటల లెక్కలకు, అంటే ఏ గుంటకు ఎన్ని మేత బస్తాలు పడ్డాయి, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు) ఎంతకొచ్చింది, కిలో రొయ్యకు ఎంత మేత పట్టింది అన్నవాటికి ఇది నిక్షేపంగా చాలు. వడ్ల మిల్లులో పుట్టికి 850 కిలోల చొప్పున వేసే లెక్కలకూ అంతే. 24.8 వర్షన్ నుంచి ఎక్స్‌లుకప్ కూడా వచ్చింది. కాలిబ్రికి సరిగ్గా అదే వెడల్పున్న కార్లిటో ఫాంటు దాంతోపాటే వస్తుంది కాబట్టి వర్డ్ ఉత్తరాలు అంతగా జారవు. తెలుగుకి ఆప్షన్స్‌లోని భాషల సెట్టింగ్స్‌లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ ఆన్ చేసి తెలుగు ఎంచుకోవాలి. ఇంగ్లీషు ఫాంటు, తెలుగు ఫాంటు విడివిడిగా ఉంటాయి. ఒకదాని సైజు మార్చి రెండోది మారలేదని కంగారు పడొద్దు. పాత పబ్లిషర్ ఫైళ్లను దీని డ్రాలో తెరుచుకోవచ్చు, కాకపోతే అమరిక కాస్త సర్దుకోవాలి. ఇక మ్యాక్రోల విషయంలో ఇది నమ్మదగ్గది కాదు. పన్ను యుటిలిటీలు ఇందులో నడపాలని చూడొద్దు. విండోస్ 7 సిస్టమ్‌కి 25.8 వర్షన్ ఎక్కదు, అంతకు ముందుదే వేసుకోవాలి.

365 చందా ఎవరికి గిట్టుబాటు? ఒకే షీటు మీద ఒకే సమయంలో ఇద్దరు ముగ్గురు పనిచేయాల్సినవాళ్లకు. చీమకుర్తి క్వారీలో బ్లాకు పొడవు, వెడల్పు, ఎత్తు సూపర్‌వైజరు ఫోన్లో నమోదు చేస్తుంటే ఒంగోలు ఆఫీసులో ఘనపు మీటర్లు లెక్కపడి ప్యాకింగు లిస్టు తయారవుతుంది. ఈ పనికి చందా డబ్బు దండగ కాదు. అలా కాకుండా ఒక్క గుమస్తా, ఒక్క సిస్టమ్ అయితే ఆఫీస్ 2024 నయం.

ఐదొందలకు, వెయ్యికి "ప్రొఫెషనల్ ప్లస్ లైఫ్‌టైమ్" అని ఆన్‌లైన్లో అమ్మే కీలు వద్దే వద్దు. ప్రొఫెషనల్ ప్లస్ పెద్ద సంస్థలకు టోకు లైసెన్సులో మాత్రమే ఇస్తారు, విడిగా అమ్మరు. ఒక సంస్థ కీని వందలమందికి పంచితే మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసిన రోజు అందరి ఆఫీసూ ఒకేసారి ఆగిపోతుంది. కేఎంఎస్ యాక్టివేటర్లు, అంటే కొనకుండానే ఆఫీస్‌ని దొంగదారిన యాక్టివేట్ చేసే ప్రోగ్రాములు, ఇంకా ప్రమాదం. ఆ పద్ధతిలో యాక్టివేషన్ 180 రోజులే నిలుస్తుంది, అందుకని ఆ ప్రోగ్రాము సిస్టమ్‌లోనే తిష్ఠ వేసుకుని ఉంటుంది. అది నడవాలంటే యాంటీవైరస్ ఆపమంటారు. బ్యాంకు లావాదేవీలు చేసే సిస్టమ్‌లో అంతకన్నా చేటు లేదు.

నాలుగు జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్కు ఉన్న సిస్టమ్‌లో 2024 ఎక్కుతుంది గానీ తెరుచుకోవడానికే టీ తాగి రావచ్చు. ముందు ఎస్ఎస్‌డీ వేయించండి, ఆ తర్వాతే ఆఫీస్ గురించి ఆలోచించండి. ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసరైతే విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. అలాంటి సిస్టమ్‌కి ఖరీదైన ఆఫీస్ కొనడంలో అర్థం లేదు. కొత్త లాప్‌టాప్ కొంటే చాలావాటిలో ఆఫీస్ హోమ్ దాంతోపాటే వస్తుంది, అది ఆ లాప్‌టాప్‌కే కట్టుబడి ఉంటుంది.

యాక్టివేషను ఏ మెయిల్‌తో చేస్తున్నారో దగ్గరుండి చూడండి. లైసెన్సు ఆ మెయిల్‌కే అంటుకుంటుంది. షాపు కుర్రాడి మెయిల్‌తోనో, రేపు ఉద్యోగం మానేసే అకౌంటెంటు మెయిల్‌తోనో చేస్తే తర్వాత సిస్టమ్ ఫార్మాట్ చేసినప్పుడు మీ డబ్బుతో కొన్నది మీకు దక్కదు. సంస్థ పేరున మెయిల్ తెరిచి, పాస్‌వర్డు యజమాని దగ్గర, రికవరీకి యజమాని ఫోన్ నంబరు పెట్టండి.

వేసే ముందు వర్డ్ టెంప్లేట్ల ఫోల్డరు, నార్మల్ టెంప్లేటు, అను ఫాంట్ల ఫోల్డరు, అవుట్‌లుక్ వాడుతుంటే మెయిళ్లు దాచే దాని పీఎస్‌టీ ఫైలు బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి. పాత ఆఫీస్‌ని తీసేశాకే కొత్తది వేయండి, రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఫైళ్లు ఏది ఎందులో తెరుచుకుంటుందో తెలియని గందరగోళం. పల్లెల్లో నెట్ మధ్యలో తెగిపోతుంటుంది కాబట్టి మైక్రోసాఫ్ట్ అకౌంటులోంచి ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలరును పట్నంలోనే దింపుకుని తీసుకెళ్లండి. వేశాక ఆప్షన్స్, సేవ్‌లో ఆటోరికవర్ (ఫైలును మధ్యమధ్యలో తనంతట తానే దాచేది) పది నిమిషాలకు ఉంటుంది, దాన్ని రెండుకు తగ్గించండి. ఎండాకాలం కరెంటు కోతల్లో ఆ ఎనిమిది నిమిషాల విలువ తెలుస్తుంది.

జీఎస్టీఆర్-1కి 11వ తేదీ, 3బీకి 20వ తేదీ గడువులున్నాయి గనక నెల నెలా రిటర్ను వేసేవాళ్లు ఈ మార్పు 21 తర్వాతే పెట్టుకోండి. ఒక సిస్టమ్‌లో ముందు వేసి, తర్వాతి నెల రిటర్ను దాంతో దాఖలయ్యేదాకా పక్క సిస్టమ్‌లో పాత ఆఫీస్‌ని అలాగే ఉంచండి.