భయాన్ని సరైన చోట నిలిపిన రెండు రోజుల శిక్షణ

మలుపులో ఎదురుగా వచ్చిన లారీని చూసి చేతులు బిగుసుకుపోయి, దాని వైపే చూస్తూ దాదాపు దాని కిందకే వెళ్లబోయిన రోజు తరువాత నేను మోటారు సైకిల్ శిక్షణ తరగతిలో చేరాను. ఆ శిక్షణ నా భయాన్ని పోగొట్టలేదు; దేనికి భయపడాలో నేర్పింది, అందుకే దీనిని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తున్నాను.

మొదటి రోజంతా బ్రేకులకే కేటాయించారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుందని, ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు అందుకునేలోగా గడిచే ఒక్క సెకనులో అంత దూరమూ చేజారిపోతుందని నేలమీద గీతలు గీసి చూపించారు. వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక ఆగడానికి పట్టే దూరం సుమారు నాలుగింతలవుతుందని ఎప్పుడో చదివినదే అయినా, 30లోనూ 60లోనూ స్వయంగా ఆగి ఆ రెండు గుర్తుల మధ్య నడిచినప్పుడు ఒళ్లు జలదరించింది. బ్రేకు వేయగానే బరువు ముందుకు మళ్లుతుంది కనుక ఆపే బలంలో అధిక భాగం ముందు చక్రానిదే. ఆ బ్రేకును ఒక్కసారిగా గుంజకుండా క్రమంగా బిగించడం అలవడేసరికి సాయంత్రమైంది.

చూపు నిలిచిన వైపే బండి పోతుందని, అడ్డంకిని కాక బయటపడే దారిని చూడాలని మలుపుల పాఠంలో చెప్పారు. నాకు లారీ దగ్గర జరిగింది సరిగ్గా అదే.

లోపం లేకపోలేదు. తడి నేల మీద సాధన అసలు చేయించలేదు. పక్క దారిలోంచి హఠాత్తుగా వచ్చే వాహనాన్ని ముందే ఊహించడం రోడ్డు మీద అన్నిటికంటే అవసరమైన విద్య, దానిని మాత్రం అరగంట మాటలతో ముగించారు. మూడో రోజు చేర్చి రుసుము పెంచినా నేను సంతోషంగా కట్టేవాడిని.