పొదుపు సంఘం నీళ్ల ప్లాంటు: అయిదుకి మూడున్నర మార్కులు

కుళాయి రాని రోజున ఒంగోలు శివారు బస్తీలకి దిక్కు 20 లీటర్ల క్యానే. పొదుపు సంఘం ఆడవాళ్లు నడిపే ఈ ఆర్‌ఓ ప్లాంటులో రుచి బాగుంది. లెక్కల పుస్తకం గోడకే వేలాడుతుంటుంది, ఎవరైనా తిప్పి చూసుకోవచ్చు. ప్రైవేటు ప్లాంట్లలో ఆ ముచ్చట ఎక్కడిది!

లోటంతా నిర్వహణలోనే. ఇసుక, కార్బన్ ఫిల్టర్లకి రోజూ బ్యాక్‌వాష్ పడాలి, అంటే నీళ్లు ఎదురు తోసి కడగాలి. సన్న మట్టిని ఆపే 5 మైక్రాన్ల కార్ట్రిడ్జ్ గోధుమరంగుకి తిరిగినా మార్చకపోతే ప్రెషర్ పడిపోతుంది, పంపు మూలుగుతుంది. సున్నం పట్టకుండా కలిపే మందు, యాంటీస్కేలెంట్ డోసింగ్ ఆగిందా, గట్టి బోరు నీళ్లకి మెంబ్రేన్ (ఉప్పుని వడకట్టే పొర) మీద సున్నం పేరుకుంటుంది. క్యాను నిండటం ఆలస్యమవుతుంది, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) ఎక్కుతుంది.

ఇక్కడున్నది టీడీఎస్ మీటరొక్కటే. అది ఫ్లోరైడ్ సంగతి చెప్పదు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ పీడ తెలిసినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. వేసవిలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి శాంపిల్ ల్యాబుకి పంపించాలి.

వడకట్టగా మిగిలిన ఉప్పు నీళ్లు, అదే రిజెక్టు నీళ్లు, నేరుగా సైడు కాలవలోకి పోతున్నాయి. ఒక ట్యాంకు పెట్టి మరుగుదొడ్లకి మళ్లిస్తే సరి. మెంబ్రేను మార్పుకి నెలనెలా విడిగా జమ వెయ్యమని సంఘం మీటింగులో గట్టిగా అడగండి. క్యాన్లు కడిగే ఆ అరిగిన బ్రష్షు మాత్రం రేపే మార్చాలి.