స్క్రీన్‌షాట్ మీద బాణాలు గీసి ఎడిటింగ్ కరెక్షన్స్ చెప్పడం, రెండేళ్ళ వాడకం తర్వాత

మాది రాజమండ్రి, అమ్మ వంటల ఛానల్ నేనే చూస్కుంటా, ఎడిటర్ మాత్రం హైదరాబాద్‌లో ఉంటాడు, హిందీ అబ్బాయి, తెలుగు మాట్లాడితే అర్థమవుద్ది గానీ చదవడం రాదు. మొదట్లో కరెక్షన్స్ అన్నీ వాట్సాప్ వాయిస్‌లోనే. "తాలింపు దగ్గర కొంచెం తగ్గించు తమ్ముడూ" అన్నా ఒకసారి, ఆ వీడియోలో తాలింపు రెండుసార్లు ఉంది, తను రెండోది కోసేశాడు, మళ్ళీ ఎక్స్‌పోర్ట్, మళ్ళీ అప్‌లోడ్, రోజంతా పోయింది.

ఆ తర్వాత షేర్‌ఎక్స్ పట్టుకున్నా, స్క్రీన్‌షాట్ తీసి దాని మీదే గీసుకునే సాఫ్ట్‌వేర్. విండోస్‌లో ఫ్రీ. వీఎల్‌సీ ప్లేయర్‌లో వీడియో పాజ్ చేసి 'E' కీ నొక్కుకుంటూ ఒక్కో ఫ్రేమే (వీడియోలో ఒక్కో బొమ్మ) జరిపి, తప్పున్న చోట ఆపి స్క్రీన్‌షాట్ తీసి దాని మీదే బాణం, నంబరు, పక్కన రెండు ముక్కలు, అంతే. ఎర్ర బాణం మాత్రం వంట వీడియోలకి పనికిరాదండీ, కారం ముద్ద మీద అస్సలు కనపడదు, నేను నీలం వాడతా.

ఇది నిజంగా ఆదుకుంది తెలుగు టైటిల్స్ విషయంలో. "గుత్తి వంకాయ" అని పంపిస్తే తకారం కింద ఒత్తు ఊడిపోయి "గుత్‌తి" అని పడింది. తెలుగు చదవడం రాని మనిషికి ఫోన్‌లో ఒత్తు గురించి ఏం చెప్తాం? తప్పు పడ్డ చోట సున్నా చుట్టి, దాని కిందే సరైన అక్షరాలు పెద్దగా పెట్టి పంపా, రెండూ పక్కపక్కన చూసి వెంటనే పట్టేశాడు. తను ఎడిటింగ్ చేసే ప్రీమియర్ సాఫ్ట్‌వేర్ ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద టెక్స్ట్ ఇంజిన్ ఉంటుంది, దాన్ని సౌత్ ఏషియన్‌కి మార్చాక మళ్ళీ ఒత్తులు ఊడలేదు.

ఒక్కటి మాత్రం తప్పకుండా చెయ్యండి, ఎడిటర్ పంపే డ్రాఫ్ట్ మీద టైమ్‌కోడ్ వేయించుకోండి, ప్రీమియర్‌లో వీడియో మొత్తం మీద ఒక అడ్జస్ట్‌మెంట్ లేయర్ (పైన పరిచే ఖాళీ పొర) వేసి దాని మీద టైమ్‌కోడ్ ఎఫెక్ట్ పెడితే చాలు, అప్పుడు స్క్రీన్‌షాట్‌లోనే నిమిషం, సెకను, ఫ్రేమ్ నంబర్ వచ్చేస్తాయి. మావి సెకనుకి 25 ఫ్రేముల వీడియోలు, అంటే "నాలుగో నిమిషం పన్నెండో సెకను" అని నోటితో చెప్తే తను 25 ఫ్రేముల్లో వెతుక్కోవాలి. ఇంకోటి, వాట్సాప్‌లో ఫొటోలాగా పంపితే అది సైజు తగ్గించేసి చిన్న అక్షరాలు మసకబారతాయి, డాక్యుమెంట్‌గా పంపండి.

సౌండ్‌కి మాత్రం ఇది పనిచెయ్యదు. మొన్న ఆవాలు చిటపటలాడే చోట మ్యూజిక్ ఎక్కువై అమ్మ మాట వినపడలేదు, అది బొమ్మలో ఎలా చూపిస్తాం, టైమ్‌కోడ్ చెప్పి ఫోనే చేశా.